చక్కెర గులాబి

వాకాడు,
15-10-1961.

నా జయకు,

దేవుని దయవల్ల మేమందరం ఇక్కడ బాగున్నాం. నెల్లూరులో నువ్వూ, నీ వార్డూ, నీ రోగులూ బాగున్నారని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

మా గుడి పాస్టరు అయ్యగారి కూతురు పుష్పకుమారికి పెళ్ళి కుదిరింది. వచ్చే నెల ఇరవైతొమ్మిదిన. గూడూరు నుంచి రెండంతస్తుల కేకు బస్సులో వస్తుందట. దాని మీదికి పూలు మాత్రం నేనే చెయ్యాలని ఆ పిల్ల పట్టుబట్టింది. చిన్నప్పుడు మా ఇంట్లో నా చక్కెర పూలు చూసిందట. "అక్కా, నాకు కాయితం పూలొద్దు, నీ పూలే కావాల" అని నా చెయ్యి పట్టుకుంది. నేను కరిగిపోయాను. నా పూల సంగతి నీకు తెలుసు కదా, అవి నాకంటే త్వరగా కరుగుతాయి.

పక్కనే వాళ్ళమ్మ రెబెక్కమ్మగారు నిలబడి ఉంది. "ఎలిశబెతమ్మా, యీసారన్నా నిలబడతయ్యా నీ పూలు? మనుబోల్లో మాదిరి ఏడవ్వు గదా?" అంది, నలుగురు ఆడవాళ్ళ ముందర. నాలుగేళ్ళయింది మనుబోలు పెళ్ళి జరిగి. మా ఆడబిడ్డ పెళ్ళి కేకు మీద ఆరు గులాబీలు పెట్టాను. ప్రార్థన సగంలో ఉండగానే మొదటిది తల వంచింది. ఆమెన్ అనేసరికి ఆరూ కేకు అంచు మీదుగా జారి తెల్లగుడ్డ మీద ఎర్రటి మరకలై కూర్చున్నాయి. "పూలు గూడా ఏడస్తుండాయే" అని అప్పుడు నవ్వింది కూడా ఈవిడే. ఆ రోజు నుంచి ఈ ఊళ్ళో నేను ఏడుపు పూల ఎలిశబెతమ్మను. నా ఎదురుగా ఎవరూ అనరు, నా వెనక అందరూ అంటారు.

నేను పని తెలియక చెడగొట్టేదాన్ని కాదు జయా. చక్కెర రోట్లో దంచి, మల్లుగుడ్డలో మూడుసార్లు జల్లిస్తాను. తుమ్మబంక నానబెట్టి వడగడతాను. గుడ్డు తెల్లసొన, నాలుగు చుక్కల నిమ్మరసం, అన్నీ మన మిషను స్కూలు దొరసాని చెప్పిన కొలతే. ముద్ద చపాతీ పిండిలా సాగేదాకా పిసుకుతాను. పళ్ళెం వెనక్కి తిప్పి దాని మీద నువ్విచ్చిన మందుసీసాతో పలచగా ఒత్తుతాను. ఒక్కో రేకూ కోసి, వంపు రావడానికి కోడిగుడ్డు పెంకుల్లో ఆరబెడతాను. చేసిన పూట వాటిని చూస్తే నాకే ముద్దొస్తాయి. మర్నాటికి మెత్తబడతాయి. మూడోనాటికి రేకులు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి.

ఎందుకో నాకు తెలుసు, నీకూ తెలుసు. బోర్డింగు స్కూల్లో దొరసాని మనిద్దర్నీ తన ముందుగదిలోకి పిలిచిన రోజు గుర్తుందా? గాజుమూత కింద ఆమె చక్కెర గులాబి ఉండేదే, దాన్ని చూపించి, "ఐదు సంవత్సరములు అయినది. ఒక్క చుక్క చెమట లేదు. నీ చేతులు తడి చేతులు, ఎలిశబెతు. ఈ పని నీ చేతులకు రాదు" అంది. ఆ ఎండాకాలం పూలపని నేర్పుతానని నిన్ను చల్లటి కొండమీదికి తనతో తీసుకుపోయింది. నేను ఇంటికి పోయి వడ్లు ఎండబెట్టాను. నీ మీద నాకు కోపం లేదు. నీవి పొడి చేతులు, దేవుడిచ్చాడు. కానీ ఈ ఇరవై ఏళ్ళలో నేను ఏ పూవు చేసినా ముందు చేతులకు పిండి రాసుకుంటాను, గుడ్డతో తుడుచుకుంటాను, మళ్ళీ రాసుకుంటాను. మా ఆయన, ఆ సమాధానం మాస్టరు, ఏమంటాడో తెలుసా? బడిలో పిల్లలు బలపం పట్టేముందు కూడా అంత తుడుచుకోరట.

అందుకే అడుగుతున్నాను. కొండమీద దొరసాని నీకు ఇంకేమైనా నేర్పిందా? తడి చేతులకు మందేమైనా మీ ఆసుపత్రిలో ఉందా? నవ్వకుండా జవాబు రాయి.

నీ
ఎలిశ


వాకాడు,
6-11-1961.

జయా,

నువ్వు పంపిన పౌడరు డబ్బా అందింది. దానితో పాటు వచ్చిన రెండు ముక్కల ఉత్తరమూ అందింది. 'జాగ్రత్తగా చెయ్యి, దిగులు పడకు' అట. ఇరవై ఏళ్ళ స్నేహానికి ఇంతేనా నీ దగ్గరున్న కాగితం? సరే, పౌడరు పూసుకునే చేశాను. ఇప్పటికి మూడు విడతలు చేశాను, మూడూ గంగలో కలిశాయి.

మొదటి విడత పూలు వానలో పోయాయనుకున్నాను. వారం రోజుల ముసురు, ఉప్పు జాడీలో ఉప్పే నీళ్ళయింది. రెండోసారి రెండు రోజులు ఎండ కాసింది. ఆశపడి పన్నెండు గులాబీలూ ముప్ఫై ఆకులూ చేశాను. ఆకుల్లో ఈనెలు తేలడానికి పెరట్లో మల్లె ఆకు తెంపి దాని మీదే ఒత్తాను. ఎంత బాగా వచ్చాయో నీకు చెప్పలేను. సమాధానం బడి నుంచి వచ్చి చూసి, "ఇవి తినేదానికి మనసెట్టా వస్తాదే?" అన్నాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు ఎక్కువ. పొద్దున లేచి చూద్దును కదా, తీగలకు గుచ్చిన ముద్దలు, కింద పాకం. మూడోసారి చేతులకు గుడ్డ చుట్టుకుని చేశాను. గుడ్డ చుట్టుకున్న వేళ్ళతో గులాబి రేకు మడవడం ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. పూలు కావవి, క్యాబేజీలు. ఆ క్యాబేజీలు కూడా కారాయి.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట చెబుతాను. మనుబోలులో పూలు జారిపోయినప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నా చేతులు రెండూ బూడిదతో తోమాను. అంట్లు తోమినట్టు తోమాను. అరచేతులు మండి వారం రోజులు అన్నం కలపలేకపోయాను. మా ఆయనకు సబ్బు పడలేదని అబద్ధం చెప్పాను. పెళ్ళి కేకు మీదనే కాదు జయా, గుళ్ళో ఎవరైనా చెయ్యి కలిపితే నేను ముందు కొంగుకు తుడుచుకుని గాని ఇవ్వను. బడిపిల్లలకు దండలు అల్లమన్నా, బిడ్డను ఎత్తుకోమన్నా మొదట నా చూపు నా చేతుల మీదికే పోతుంది. ఒక పెద్దమనిషి ఒక చిన్నపిల్లతో అన్న ఒక్క మాట ఇంతకాలం నిలబడింది. నా పూలేమో మూడు రోజులు నిలబడవు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక రెబెక్కమ్మగారు నన్ను ఆపింది. "నీకెందుకమ్మా యీ కష్టం? నెల్లూర్లో కాయితం పూలు బో బాగుంటాయంట. చెప్పి పంపిస్తా" అంది. ఆమె ఈసారి ఎగతాళిగా అనలేదు, జాలిపడి అంది. నాకు ఎగతాళే నయం. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను. కాగితం పూలే తెప్పించుకోమంటాను. పుష్పకుమారికి నేనే చెప్పాలి. దానికి చెప్పడమే నాకు కష్టంగా ఉంది.

నా సామానంతా ఒక బిస్కెట్టు డబ్బాలో సర్దాను. రేకులు కోసే ఇత్తడి అచ్చులు నాలుగు, ఈనెలు గీసే దువ్వెన ముక్క, ఎముక పుల్ల, మల్లుగుడ్డ, నీ మందుసీసా. పదిహేనో తేదీన సమాధానం బడి పని మీద నెల్లూరు వస్తాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను. నీ పొడి చేతులకైతే పనికొస్తాయి. నువ్వు ఎప్పుడూ చెయ్యవు, అది నాకు తెలుసు. చెయ్యగలిగిన చేతుల దగ్గర ఉంటే చాలు.

ఎలిశబెతు


నెల్లూరు,
10-11-1961.

ఎలిశా,

ఆ డబ్బా పంపవద్దు. సమాధానం అన్నయ్య బస్సెక్కేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలని డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. దిద్దుకునే తీరిక లేదు, దిద్దితే మళ్ళీ అబద్ధం రాస్తానేమోనని భయం.

దొరసాని గాజుమూత కింది గులాబి చక్కెరది కాదు. మైనంది.

నాకెలా తెలుసంటే, నేను దాన్ని కొరికాను. మనకు పద్నాలుగేళ్ళు. ఒక ఆదివారం దొరసాని పాటల పుస్తకం ఇంట్లో మరిచి, తెమ్మని నన్ను పంపింది. ముందుగదిలో ఎవరూ లేరు. చక్కెర అంటే మనకు అప్పుడు క్రిస్మసుకు దొరికే వస్తువు. గాజుమూత ఎత్తి వెనకవైపు రేకు ఒకటి నాకాను. తియ్యగా లేదు. కొసన కొరికాను. కొవ్వొత్తి ముక్క లాగా పళ్ళకు అంటుకుపోయింది. గోడవైపు తిప్పి మూత పెట్టి పరుగెత్తుకొచ్చాను. ఆ రోజు గుళ్ళో పాట పాడుతూ నాలుకతో పళ్ళు గీక్కుంటూనే ఉన్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. "ఏందిమే, పల్లు నొప్పా?" అని అడిగావు.

ఆ తర్వాత నెలకు దొరసాని మనల్ని పిలిచి నీ చేతుల మీద ఆ తీర్పు చెప్పింది. నేను నీ పక్కన నిలబడి ఉన్నాను, నాకు నిజం తెలుసు. చెబితే దొరసాని ఇంట్లో దొంగతనం చేసినదాన్ని అవుతాను, బోర్డింగులోంచి పంపేస్తారు, మా అమ్మ కూలి పనికి తీసుకుపోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఆమె కావాలని అబద్ధమాడిందో, ఆకారం చూపించడానికి మైనంతో చేసుకుని ఆ సంగతి తానే మరిచిపోయిందో, నాకు ఇప్పటికీ తెలియదు. కొండమీద ఆమె చక్కెర పూలు నిలబడ్డాయి, నావీ నిలబడ్డాయి. అక్కడ చలి, పొడిగాలి, తడిబట్ట గంటలో ఆరిపోతుంది. తిరిగి నెల్లూరు వచ్చాక నేనొకసారి చేశాను. నీవి మూడు రోజులుంటాయి. నావి రెండో రోజుకే పాకమయ్యాయి. నేను పూలు మానేసింది తీరిక లేక కాదు ఎలిశా. నావి పొడి చేతులు కావని నీకు తెలుస్తుందని మానేశాను.

పెద్దయ్యాక అయినా ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నువ్వు ప్రతి ఉత్తరంలో నా చేతుల్ని మెచ్చుకుంటూ రాసేదానివి. నాకు బాగుండేది. నాకు పెళ్ళి కాలేదు, ఇల్లు లేదు, నన్ను మెచ్చుకునేవాళ్ళు ఎవరున్నారు? ఆ ఒక్కటీ పోగొట్టుకోలేకపోయాను. నువ్వు బూడిదతో చేతులు తోముకున్నావని చదివి మందుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

నేను నర్సును. ఎన్నో వందల చేతులు పట్టుకుని నాడి చూశాను. నీ చేతులూ పట్టుకున్నాను. వాటికి ఏ జబ్బూ లేదు, అవి అందరి చేతుల్లాంటివే.

నువ్వు నాకు ఇక రాయకపోయినా నేను ఏమనలేను.

జయశీల


వాకాడు,
3-12-1961.

జయశీలకు,

నీ ఉత్తరం సరిగ్గా పదిహేనో తేదీ పొద్దున వచ్చింది. సమాధానం చేతిసంచీలో డబ్బా పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. చదివి, ఆ డబ్బా లాక్కుని, నీ ఉత్తరం ఉండచుట్టి పెరట్లోకి విసిరాను. ఆయన ఏమైందని అడిగితే బస్సుకు వేళవుతోంది పొమ్మని కసిరాను. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నిన్ను ఏమేమి తిట్టానో రాయను, నేను గుడికి పోయే మనిషిని. సాయంత్రం మళ్ళీ పెరట్లోకి పోయి ఆ ఉండ వెతికి తెచ్చి, విప్పి, ఇంకోసారి చదివి, ఇంకోసారి తిట్టాను.

ఇరవై ఏళ్ళు! మైనపు ముద్దతో పోటీ పడ్డాను జయా నేను. నా కోపం దొరసాని మీద సగం, నీ మీద సగం. మిగిలింది నా మీదే. నా చేతుల్ని అన్ని తిట్లు తిట్టుకున్నాను గాని, గాలిని ఒక్కసారైనా అనుమానించానా? ఉప్పే నీళ్ళవుతుంటే కళ్ళారా చూసి నీకు రాశాను కూడా. చేతులకు పౌడరు పూస్తూ కూర్చున్నాను.

రెండు రోజులకు పెళ్ళి కోసం గుడికి వెల్ల వెయ్యడానికి ముత్యాలయ్య వచ్చాడు. కాలవ అవతల గుల్లలు కాల్చి సున్నం చేసే మనిషి. కాల్చిన గుల్ల డబ్బాల్లో నింపి తెచ్చి గుడి పక్కనే ఉన్న మా వసారాలో పెట్టాడు. నేను ఒక డబ్బా మూత తీసి చూడబోతే కేక పెట్టాడు. "మూత తియ్యబాక తల్లా! గాలి దగిల్తే తడంతా పీల్చేస్తాది. పొద్దుటికి గుల్ల పిండై కూచుంటాది." ఈ మాట అతను ఏటా అంటాడు. ఏటా విన్నాను. ఈ ఏడు మాత్రం నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. "ఏందమ్మా, తల దిరిగిందా?" అని నీళ్ళు తెచ్చాడు పాపం.

అతన్ని అడిగి దోసెడు గుల్ల తీసుకున్నాను. బిస్కెట్టు డబ్బా అడుగున పోశాను. పైన వెదురు పుల్లలు అడ్డంగా పరిచి, వాటి మీద రెండు మడతలు గుడ్డ వేసి, ఆ పూట చేసిన ఒక గులాబిని పెట్టి మూత బిగించాను. చేతులకు ఏమీ పూసుకోలేదు, తుడుచుకోలేదు. రెండు రోజుల తర్వాత మూత తీశాను. పూవు గోటితో కొడితే పింగాణీ కప్పులా మోగింది. గుల్ల మాత్రం కొంత పిండైంది. అప్పుడు ఏడ్చాను. ఇల్లంతా వినబడేలా ఏడ్చాను. ముత్యాలయ్య నిచ్చెన దిగి వచ్చి, సున్నం కంట్లో పడిందేమోనని కంగారుపడ్డాడు.

కాగితం పూల మాట పుష్పకుమారికి చెప్పనే లేదు. పెళ్ళినాటికి పద్దెనిమిది గులాబీలు, ఆకులు, మొగ్గలు. ఇంకొకటి కూడా చేశాను. దొరసాని ఎప్పుడూ నేర్పనిది. మల్లెమొగ్గలు ఒక్కొక్కటీ చేసి, దారంతో నిజం మాల కట్టినట్టే కట్టి కేకు కింది అంతస్తు చుట్టూ తిప్పాను. ఆ రోజు కూడా తుంపర పడుతూనే ఉంది. పందిట్లోకి కేకు రాగానే డబ్బా తెరిచి పూలు అమర్చాను. ఆరాధన అయింది, అయ్యగారు కేకు దగ్గరికొచ్చి ఎప్పటిలాగే పొడుగ్గా ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకోలేదు, దేవుడు క్షమించాలి. మొదటి గులాబినే చూస్తూ నిలబడ్డాను. ఆమెన్ అన్నారు. అది నిలబడే ఉంది. పద్దెనిమిదీ నిలబడే ఉన్నాయి.

అప్పుడు రెబెక్కమ్మగారు ముందుకొచ్చింది. వంగి చూసింది. గోటితో ఒక రేకును టక్కుమని కొట్టింది. అందరికీ వినబడేలా అంది, "యాడ తెప్పించినావమ్మే యీ మైనం పూలు? అచ్చం చక్కెర మాదిరే ఉండాయే!"

జయా, నువ్వు ఆ పందిట్లో ఉండాల్సింది. ప్రపంచంలో ఎన్ని మాటలు లేవు, ఆమెకు ఆ మాటే దొరికింది. కేకు మీదున్న అన్నిటికంటే పెద్ద గులాబిని తీగతో సహా పీకాను. "నోరు తెరవండమ్మగారూ" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు, నా మొహం చూసి భయపడిందేమో, తెరిచింది. రేకు విరిచి నోట్లో పెట్టాను. "నమలండి" అన్నాను. కరకర నమిలిన చప్పుడు అయ్యగారికి కూడా వినబడింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తియ్యంగుండాదే!" అంది, చిన్నపిల్ల మాదిరి. తర్వాత మెల్లిగా, "ఇంకోటి యియ్యి" అంది.

అంతే, ఇక ఆగుతారా జనం! ఆడవాళ్ళు, పిల్లలు, పెళ్ళికొడుకు మేనత్తలు, అందరూ మీద పడ్డారు. పుష్పకుమారి పగలబడి నవ్వుతూ మల్లెమాల తుంచి తన పక్కవాళ్ళకు పంచింది. గూడూరు నుంచి వచ్చిన ఫోటో ఆయన మూడుకాళ్ళ పీట నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, మళ్ళీ బయటికి తీసి, "కేకు మీద పూలుండాయన్నారే?" అని అడిగాడు. ఆకులు రెండు మిగిలాయి. నా జీవితంలో మొదటిసారి నా పూలు నిలబడితే వాటికి ఫోటో లేదు! నాలుగు రోజులుగా దాన్ని తలుచుకుని తిట్టుకుంటున్నాను. తిట్టుకుంటూ తిట్టుకుంటూ నవ్వొస్తోంది.

సాయంత్రం ఇళ్ళకు పోతూ అందరూ చేతులు కలిపారు. నేను కొంగుకు తుడుచుకోలేదు. ఇంటికొచ్చాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు.

నిన్ను క్షమించానా అంటే, ఇంకా లేదు. దానికి కొంత టైము పడుతుంది, తొందరపెట్టవద్దు. నువ్వు ఆ మాట దిద్దుకోకుండా రాశావు చూడు, అందుకు మాత్రం ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక నీకు మెచ్చుకునేవాళ్ళు లేరన్న మాటకు జవాబు: నాకు పౌడరు డబ్బా పంపింది నువ్వే, మందుసీసా ఇచ్చింది నువ్వే, నా పిచ్చి ఉత్తరాలన్నీ ఇరవై ఏళ్ళు చదివింది నువ్వే. నీ చేతులు పొడివైనా తడివైనా నాకు ఒకటే. క్రిస్మసుకు సెలవు పెట్టి రా. చక్కెర దంచడానికి మనిషి కావాలి.

ఈ ఉత్తరంతో సమాధానం నీకొక చిన్న డబ్బా ఇస్తాడు. అందులో ఒక గులాబి ఉంది. అడుగున గుల్ల ఉంది, దాన్ని ముట్టుకోకు. గుడ్డ మీది పూవు నీది. దీన్ని గాజుమూత కింద పెట్టావంటే నీతో ఇక మాట్లాడను. గూడూరులో బస్సు మారేటప్పుడు మూత వదులై, నీ చేతికొచ్చేసరికి కారిపోయి పాకమై ఉంటే కంగారుపడకు, వేలితో తీసుకుని నాకి చూడు. నిలబడి ఉంటే రేకు విరిచి నాకి చూడు. ఎట్లయినా సరే, ఈసారి తియ్యగా ఉంటుంది.

నీ
ఎలిశ